దాతకు చెడు కబురు ఎందుకు చేరదు?

ప్రశ్న: మాది కావలి. రొయ్యల సాగు మీద వచ్చే ఆదాయంలో కొంత తీసి, మా మామగారి పేరున ఏర్పాటు చేసిన ట్రస్టు ద్వారా ఏటా సుమారు 30 లక్షల రూపాయలు అయిదు స్వచ్ఛంద సంస్థలకు ఇస్తున్నాము. తీరంలోని మత్స్యకార పల్లెల్లో సాయంకాలపు ట్యూషన్ కేంద్రాలు, ఒంటరి వృద్ధులకు భోజనం, కనిగిరి వైపు రెండు గ్రామాల్లో మంచినీటి ప్లాంట్లు మా సాయంతో నడుస్తున్నాయి. మా డబ్బు జీతాలకూ ఆఫీసు ఖర్చులకూ పోకుండా నేరుగా పేదలకే చేరాలన్నది మామగారు పెట్టిన నియమం. సంస్థలవారు మాతో ఎంతో మర్యాదగా ఉంటారు. ఎప్పుడు అడిగినా "అంతా బాగానే జరుగుతోందమ్మా, మీ దయ" అంటారు. మొన్న ఒక పెళ్ళిలో కలిసిన బంధువు చెప్పగా తెలిసింది, మేము పెట్టించిన ప్లాంట్లలో ఒకటి ఎనిమిది నెలలుగా మూతపడి ఉందట. ఈ మధ్యకాలంలో మాకు వచ్చిన రెండు నివేదికల్లోనూ అది నడుస్తున్నట్లే రాశారు. ట్యూషన్ కేంద్రాలు నడిపేదీ ఆ సంస్థే. అవి నిజంగానే బాగున్నాయి. ఆ సంస్థకు డబ్బు పూర్తిగా ఆపేయాలని మా వారు అంటున్నారు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా అబ్బాయి, ఇకమీదట ప్రతి నెలా ఫోటోలతో, అంకెలతో ఆన్‌లైన్‌లో వివరాలు నింపించాలంటున్నాడు. మా ట్రస్టు ద్వారా తానూ కొంత పంపుతానన్న డల్లాస్‌లోని మా తమ్ముడు ఇప్పుడు వెనకాడుతున్నాడు. మేము ఎవరినీ ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. అయినా మాతో నిజం ఎందుకు చెప్పరు? ఏం చేస్తే చెబుతారు?
(పేరు ప్రచురించవద్దన్న పాఠకురాలు)

సమాధానం: అమ్మా, పల్లెత్తు మాట అనకపోవడం మీ మంచితనం. అయితే డబ్బు పుచ్చుకునే సంస్థ భయపడేది మాటకు కాదు, వచ్చే ఏడాది చెక్కు రాకపోవడానికి. ఆ సంస్థ నడిపే వ్యక్తి స్థానంలో ఒక్కసారి కూర్చుని చూడండి. ప్లాంటు ఆగిపోయింది, దానిని బాగుచేయడానికి ఆయన దగ్గర డబ్బు లేదు, ట్యూషన్ కేంద్రాలకు డబ్బు ఇచ్చేదీ మీరే. ప్లాంటు సంగతి చెబితే అది బాగుపడుతుందన్న నమ్మకం ఆయనకు లేదు, కానీ ట్యూషన్ల డబ్బు ఆగిపోవచ్చునన్న భయం మాత్రం గట్టిగా ఉంది. ఆ లెక్క వేసుకునే ఆయన మౌనంగా ఉండి ఉంటారు. సంగతి తెలియగానే సంస్థకు మొత్తం డబ్బు ఆపేద్దామని మీ వారు అన్నారని మీరే రాశారు కదా. అంటే ఆయన భయం ఊహ కాదని మీ ఇంట్లోనే రుజువైంది. నివేదికలో అబద్ధం రాయడం తప్పే, దానికి సమర్థన లేదు, దాని సంగతి ముందు ముందు మాట్లాడుకుందాం. కానీ నిజం చెప్పినవాడు నష్టపోయి, దాచినవాడు నిలదొక్కుకునే ఏర్పాటు మీ వైపు నుంచే ఉన్నప్పుడు, మనుషులను మార్చినా, ఫారాలు మార్చినా మీకు అందేది "అంతా బాగానే ఉందమ్మా" అన్న మాటే.

ముందుగా ప్లాంటు విషయం చూద్దాం, ఎందుకంటే మీ అసలు చిక్కు అంతా అందులోనే కనిపిస్తుంది. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల ఫ్లోరైడు కొత్త కష్టం కాదు. ఆ తాలూకాలు నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లోనే, 1937లో, ఎముకలను వంచే ఫ్లోరోసిస్ జబ్బు గురించి మన దేశంలో తొలి వైద్య నివేదిక ఈ ప్రాంతం నుంచే వెలువడింది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడిన తరువాత ఊళ్ళ జిల్లా మారింది గాని నీరు మారలేదు. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒక మిల్లీగ్రాము మించరాదనీ, వేరే ఆధారం లేనప్పుడు మాత్రం ఒకటిన్నర మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చుననీ భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. కాబట్టి అక్కడ ఆర్వో ప్లాంటు పెట్టించాలన్న మీ ఆలోచన సరైనదే. కానీ ఆర్వో యంత్రం ఒకసారి బిగిస్తే చాలు, కలకాలం పనిచేస్తుందనుకునే వస్తువు కాదు. అక్కడి ఉప్పునీటిలో మెంబ్రేన్లను, అంటే నీటిని వడగట్టే పొరలను, రెండు మూడేళ్ళకొకసారి మార్చాలి. ముందున్న ఇసుక, కార్బన్ ఫిల్టర్లను సకాలంలో కడగకపోతే అవి ఇంకా త్వరగా పూడుకుపోతాయి. మోటారు కాలుతుంది, కరెంటు బిల్లు నెలనెలా వస్తుంది, బోరులో నీరు అడుగంటుతుంది, క్యాన్లు నింపే కుర్రవాడికి జీతం ఇవ్వాలి. ఇప్పుడు మీరు ఆ ప్లాంటుకు మంజూరు చేసిన కాగితం బయటకు తీసి చూడండి. అందులో యంత్రం, షెడ్డు, ట్యాంకు, బహుశా ప్రారంభోత్సవం, మామగారి పేరున్న శిలాఫలకం ఉంటాయి. మెంబ్రేను, కరెంటు, మనిషి జీతం ఉండకపోవచ్చు, ఎందుకంటే జీతాలకూ నిర్వహణకూ మీ ట్రస్టు డబ్బు ఇవ్వదు. క్యానుకు వసూలు చేసే నాలుగైదు రూపాయలతో అవన్నీ గడుస్తాయని ఎవరో అనుకుని ఉంటారు, బేరింగు పోయిన మొదటి నెలలోనే ఆ అంచనా తలకిందులై ఉంటుంది.

మన జిల్లాల్లో దానధర్మాలకు పెద్ద చరిత్రే ఉంది, అందులో ఎక్కువ భాగం గోడల మీద కనిపిస్తుంది. సత్రాలు, బడి గదులు, ఆస్పత్రి వార్డులు, బస్సు షెల్టర్లు, ప్రతి దాని మీదా ఒక నల్లరాతి పలక. చీమకుర్తి గ్రానైట్ చేతికందే దూరంలో ఉండటం కూడా దానికి కొంత తోడ్పడి ఉండవచ్చు. గది కట్టించినవారి పేరు చెక్కుతారు గాని, ఆ గదిలో ఇరవై ఏళ్ళు పాఠం చెప్పినవాడికి జీతం ఇచ్చినవారి పేరు ఎవరూ చెక్కరు. నెల్లూరులో 1923లో బాలికల కోసం కస్తూరిదేవి విద్యాలయాన్ని స్థాపించిన పొణకా కనకమ్మగారిని మనం గౌరవించేది ఆమె ఆస్తి ఇచ్చినందుకు మాత్రమే కాదు, ఆ బడిని నిలబెట్టే పనిని తన పనిగా నెత్తిన వేసుకున్నందుకు. మీ మామగారి నియమం వెనుక ఉన్న భయం నాకు అర్థమవుతుంది: పేదల పేరు చెప్పి ఎవరో కార్లలో తిరుగుతారేమోనని. కానీ మీ ట్యూషన్ కేంద్రంలో పేదపిల్లలకు అందేది ఏమిటి? సాయంత్రం అయిదింటికి అక్కడ కూర్చుని లెక్కలు చెప్పే ఒక అమ్మాయి. ఆమె జీతమే ఆ సేవ. ఆమెకు జీతం, ఆమె పని చూసే పర్యవేక్షకుడికి జీతం, లెక్కలు రాసే గుమాస్తాకు జీతం, ఆడిటరు ఫీజు, ఆఫీసు అద్దె, ఇవేవీ ఇవ్వకుండా పలకలూ సంచులూ మాత్రం ఇస్తామంటే, సంస్థ ఆ ఖర్చులను మరో పద్దులో దాచి రాయక తప్పదు. తొలి అబద్ధం అక్కడ, మీ నియమం వల్లనే, ప్లాంటు ఆగిపోవడానికి చాలా ముందే మొదలై ఉండవచ్చు.

ఈ విషయంలో కంపెనీలవారు కూడా ఒక పొరపాటు ప్రచారం చేశారు. కంపెనీలు తమ లాభంలో కొంత సమాజ సేవకు ఖర్చు చేయాలనే సీఎస్ఆర్ నిబంధనల్లో పాలనా ఖర్చులు 5 శాతం మించరాదని ఉన్నది కాబట్టి, సంస్థలకు కూడా అంతకు మించి ఇవ్వరాదని చాలామంది అనుకుంటారు. 2021 జనవరిలో సవరించిన ఆ నిబంధనల ప్రకారం ఆ 5 శాతం పరిమితి, తన సీఎస్ఆర్ విభాగాన్ని నడుపుకోవడానికి కంపెనీ పెట్టుకునే సాధారణ పాలనా ఖర్చుకు సంబంధించినది. ఒక ప్రాజెక్టును రూపొందించి, అమలు చేసి, పర్యవేక్షించడానికి నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదు. మీది కుటుంబ ట్రస్టు కాబట్టి ఆ నిబంధన మీకు అసలే వర్తించదు. మన దేశంలోని స్వచ్ఛంద సంస్థల లెక్కలను బ్రిడ్జ్‌స్పాన్ అనే సలహా సంస్థ పరిశీలించినప్పుడు, వాటి పరోక్ష ఖర్చులు (ఆఫీసు, లెక్కలు, పర్యవేక్షణ వంటివి) 5 శాతం నుంచి 51 శాతం దాకా ఉన్నాయనీ, మధ్యస్థ విలువ 19 శాతమనీ తేలింది. ఇంత తేడా ఉన్నచోట అందరికీ ఒకే శాతం గీత గీయడం అర్థం లేని పని. ఇంటింటికీ భోజనం చేర్చే సంస్థ ఖర్చు తీరూ, ట్యూషన్లు నడిపే సంస్థ ఖర్చు తీరూ ఒకటి కావు. ఒక్కొక్క సంస్థనూ కూర్చోబెట్టి, "ఈ పని నిజంగా నడవాలంటే ఏడాదికి మొత్తం ఎంత అవుతుంది, మేము ఇవ్వని భాగాన్ని మీరు ఎక్కడి నుంచి తెస్తున్నారు?" అని అడగండి. రెండవ ప్రశ్నకు వచ్చే జవాబు మిమ్మల్ని ఆశ్చర్యపరచవచ్చు. చాలాచోట్ల అది పర్యవేక్షకుల రెండు మూడు నెలల జీతం బకాయిల నుంచి వస్తుంది. అప్పుడు అయిదు సంస్థలకు పంచుతున్న 30 లక్షలను మూడు సంస్థలకే పూర్తి ఖర్చుతో ఇవ్వడం మేలని మీకే అనిపించవచ్చు. మిగిలిన రెండింటికి ఆ మాట కనీసం ఏడాది ముందు చెప్పాలి.

ఇక నిజం ఎప్పుడు చెబుతారన్న ప్రశ్న. "మనమంతా ఒక కుటుంబం, ఏదైనా దాచకుండా చెప్పండి" అని సమావేశంలో అనడం వల్ల ప్రయోజనం లేదు. ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ మధ్య ఎక్కువ తక్కువ ఉంటుంది, దానిని తీయని మాటలతో చెరపలేము. కావలసింది కాగితం మీద హామీ. ప్రతి సంస్థకూ మీ ట్రస్టు తరఫున ఒక లేఖ రాయండి. మూడేళ్ళపాటు ఏటా ఇంత మొత్తం ఇస్తామనీ, పని దెబ్బతిన్న సంగతి మీరే మాకు తెలియజేస్తే ఆ కారణంగా ఆ మొత్తాన్ని తగ్గించబోమనీ, అలా తెలిసిన నెల రోజుల్లో కలిసి కూర్చుని దారి వెతుకుదామనీ అందులో ఉండాలి. ఒక పద్దులో మిగిలిన డబ్బును మరొక పద్దుకు అయిదో వంతు వరకు మమ్మల్ని అడగకుండానే మార్చుకోవచ్చునని రాయండి. తుపాను వచ్చి కేంద్రం పైకప్పు ఎగిరిపోయిన నాడు వారు మీ అనుమతి కోసం ఎదురుచూడనక్కరలేదు. మేము ఎప్పుడైనా మానుకోదలిస్తే ఆరు నెలల ముందు చెబుతామనీ, ఆ ఆరు నెలల ఖర్చు ఇచ్చే మానుకుంటామనీ రాయండి. ఆ లేఖలోనే మరొక వాక్యం కూడా స్పష్టంగా ఉండాలి: కష్టం వచ్చి పని ఆగితే క్షమాపణ అక్కరలేదు, కానీ జరగని పని జరిగినట్లు రాసినా, డబ్బు సొంతానికి వాడుకున్నా సంబంధం అక్కడితో ఆగుతుంది. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ ఉందో ఇంతవరకు మీరు ఎవరికీ చెప్పలేదు కాబట్టి, వైఫల్యం కూడా మోసమంత ప్రమాదమేనని వారు అనుకున్నారు.

చెడు కబురు రెండు వైపుల నుంచీ నడవాలి. రొయ్యల మీద ఆదాయం ఏటా ఒకలా ఉండదని మీకు నేను చెప్పనక్కరలేదు; తెల్లమచ్చ తెగులు ఒక పంటను తుడిచిపెట్టగలదు, 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు చెరువుగట్టున ధర ఏమైందో మీరు చూశారు. అటువంటి ఏడాది మీ విరాళం తగ్గితే, సంస్థకు ఆ సంగతి ఎప్పుడు తెలుస్తుంది? సాధారణంగా, చెక్కు చేతికి వచ్చాక. మీ ఇబ్బంది మీరు ముందుగా చెబితే వారి ఇబ్బంది వారు చెప్పడానికి నోరు లేస్తుంది. దీనికి లెక్క ప్రకారం ఒక ఉపాయం ఉంది. ఆ ఏడాది లాభాన్ని బట్టి కాకుండా, గడచిన మూడేళ్ళ సగటు లాభాన్ని బట్టి విరాళం నిర్ణయించండి. కంపెనీల చట్టం సీఎస్ఆర్ కోసం 2 శాతాన్ని లెక్కగట్టేది కూడా అలాగే. మంచి సంవత్సరంలో కొంత వెనక్కి పెట్టి, చెడ్డ సంవత్సరంలో దానిని కలపడం వల్ల సంస్థకు అందే మొత్తం పెద్దగా ఊగదు. ట్రస్టు తన ఏటి ఆదాయంలో 85 శాతాన్ని ధర్మకార్యాలకు వినియోగించాలన్న ఆదాయపు పన్ను నియమం ఉంది కాబట్టి, ఆ వెనక్కి పెట్టే సొమ్ము ట్రస్టులో ఉండాలా, మీ కుటుంబ ఖాతాలోనే ఉండాలా అన్నది మీ ఆడిటరుతో ముందుగా మాట్లాడుకోండి.

ఆ నియమం వల్లనే కావచ్చు, చాలా కుటుంబ ట్రస్టులు మార్చి చివరి వారంలో గబగబా చెక్కులు రాస్తాయి. మీరు ఎప్పుడు ఇస్తున్నారో మీ లేఖలో లేదు. బడులు జూన్ రెండవ వారంలో తెరుస్తారు. ట్యూషన్ టీచరును మేలోనే మాట్లాడుకోవాలి. మార్చిలో ఒక్కసారిగా వచ్చిన డబ్బును సంస్థ జూన్ దాకా దాచుకోవాలన్నా, డిసెంబరులో వస్తుందన్న డబ్బు కోసం జూన్‌లో అప్పు చేయాలన్నా ఇబ్బందే. అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగదు. ఏప్రిల్‌లో సగం, అక్టోబరులో సగం, చెప్పిన తేదీకి చెప్పినట్లు జమచేయండి. దాతలకు ఉండగల మంచి గుణాల్లో ఇది అన్నింటికన్నా తక్కువ ఖర్చుతో వచ్చేది, ఇందులోనే ఎక్కువమంది తప్పుతారు.

మీ అబ్బాయి సూచన గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ కాలంలో అందరికీ మొదట తట్టేది అదే. ప్రతి నెలా ఫోటోలూ అంకెలూ నింపించడం వల్ల ఆ ప్లాంటు సంగతి మీకు తెలిసి ఉండేదా? నివేదికలో రాసినవారు ఫోటో కూడా పాతది పెట్టగలరు. దానికి విరుగుడుగా తేదీ, స్థలం నమోదయ్యే ఫోటో అడుగుతారు. ఆ తరువాత మరొకటి. ప్రతి మెట్టు దగ్గరా పెరిగేది పరస్పర అనుమానం, దానితోపాటు సంస్థలో ఎవరో ఒకరు పిల్లల దగ్గర కూర్చోవలసిన సమయాన్ని కంప్యూటరు ముందు గడపడం. మీ ఒక్కరికే అయితే సరే, కానీ ఆ సంస్థకు మీలాంటి దాతలు మరో నలుగురు ఉంటారు, ఒక్కొక్కరిదీ ఒక్కో ఫారం, ఒక్కో తేదీ, ఇచ్చిన డబ్బు దేనికి వాడారో చూపే ఒక్కో రకం యుటిలైజేషన్ సర్టిఫికెట్.

అంకెలు అసలే వద్దని కాదు. కానీ అంకె తాను అడిగినదానికే జవాబు చెబుతుంది. మీ కావలికి దూరం కాని కలిగిరి మండలంలోని దూబగుంట కథ మీకు తెలిసే ఉంటుంది. 1990ల తొలినాళ్ళలో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం నడిచినప్పుడు దాని లక్ష్యాల పట్టికలో ఉన్నది ఎంతమంది వయోజనులు చదవడం రాయడం నేర్చుకున్నారన్న అంకె. రాత్రి బడిలో కలిసి కూర్చున్న ఆడవాళ్ళు తమ కష్టాల గురించి మాట్లాడుకుని, సారా దుకాణాన్ని ఊరి నుంచి తరిమేశారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఉద్యమం జిల్లా దాటి పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం అమలులోకి వచ్చింది. ఆ కార్యక్రమం వల్ల కలిగిన ఫలితాల్లో అన్నింటికన్నా పెద్దది ఏ నెలవారీ పట్టికలోనూ గడి లేని ఫలితం. అక్షరాస్యుల సంఖ్య మాత్రమే చూసే దాతకు, ఆడవాళ్ళు పాఠం ఆపి సారా గురించి మాట్లాడుకున్న రాత్రులు కార్యక్రమం దారి తప్పినట్లే కనిపించి ఉండేవి.

కాబట్టి మీ అబ్బాయి నైపుణ్యాన్ని వేరే విధంగా వాడుకోండి. సంస్థ తన అవసరం కోసం ఎలాగూ రాసుకునే హాజరు పట్టీలు, నీటి క్యాన్ల లెక్క, భోజనాల జాబితా సులభంగా ఉంచుకునే పద్ధతిని వారు అడిగితే చేసి ఇవ్వమనండి. అవి వారి సొత్తుగానే ఉండాలి, మీరు తీరిక దొరికినప్పుడల్లా తొంగి చూసే కిటికీ కాకూడదు. మీకు అందవలసిన నివేదిక ఏడాదికి రెండుసార్లు, రెండు పేజీలు చాలు. అందులో మూడు ప్రశ్నలు: ఈ ఆరు నెలల్లో ఏది అనుకున్నట్లు జరగలేదు, దానివల్ల మీరు ఏమి మార్చుకున్నారు, మా వల్ల మీకు ఏ ఇబ్బంది కలిగింది. మూడవ ప్రశ్నకు మొదటి రెండుసార్లు "ఏమీ లేదమ్మా" అనే రాస్తారు, విసుగు చెందకండి. లెక్కల కోసం వారి వార్షిక ఆడిట్ నివేదికను తీసుకోండి. మీకోసం విడిగా మరొకటి చేయించకండి, చేయించక తప్పకపోతే దాని ఫీజు మీరు ఇవ్వండి. అమెరికాలో మెకంజీ స్కాట్ అనే సంపన్న దాత 2020 నుంచి వేల కోట్ల డాలర్ల విరాళాలను చాలావరకు షరతులు లేకుండా ఇస్తున్నారని మీ అబ్బాయి చదివే ఉంటాడు. ఆమె ఇచ్చే తీరులో మీకు పనికివచ్చేది ఉదారత కాదు, అది అందరికీ సాధ్యం కాదు. ఇచ్చే ముందు ఆమె తరఫువారు ఆ సంస్థ గురించి నిశ్శబ్దంగా, లోతుగా విచారిస్తారు; ఇచ్చిన తరువాత వెంటపడరు. మన దగ్గర ఎక్కువగా దీనికి తలకిందులు జరుగుతుంది: తెలిసినవారు చెప్పారని ఇస్తాం, ఇచ్చాక ఆరా తీస్తూ ఉంటాం.

మీరు పల్లెలకు వెళ్ళినప్పుడు ఎలా వెళతారో ఆలోచించండి. ముందు రోజు ఫోను, ఫ్లెక్సీ, శాలువాలు, పిల్లల స్వాగత గీతం, మీ కారు వచ్చేదాకా ఎండలో వరుస: ఇది సంస్థకు ఒక రోజు పని, కొన్ని వేల రూపాయల ఖర్చు, మీకు దొరికేది ఒక్క నిజం కూడా లేని ఒక సాయంత్రం. సన్మానాలు వద్దని లేఖలోనే రాయండి. చెప్పకుండా దిగి పట్టుకోవడం కూడా వద్దు, అది పోలీసు పద్ధతి. పాఠం జరిగే వేళకు వెళ్ళి, వెనుక కూర్చుని, టీచరుతో పది నిమిషాలు మాట్లాడి రండి. ఆమెతో సంస్థ గురించి ఫిర్యాదు రాబట్టడానికి ప్రయత్నించకండి. ఆమె ఉద్యోగం ఆ సంస్థ చేతిలో ఉంది.

పెద్ద దాతృత్వ సంస్థలు తమ గురించి డబ్బు పుచ్చుకునేవారు ఏమనుకుంటున్నారో పేర్లు లేకుండా సర్వే చేయించి తెలుసుకుంటాయి. వందల సంస్థలకు ఇచ్చేవారికి అది బాగానే ఉంటుంది. అయిదింటికి ఇచ్చే మీకు పేరు లేని జవాబు ఎవరిదో రెండవ వాక్యంలోనే తెలిసిపోతుంది, అది వారికీ తెలుసు. దానికి బదులు, అయిదు సంస్థలూ కలిసి ఎంచుకున్న ఒక పెద్దమనిషిని, రిటైరైన హెడ్మాస్టరో బ్యాంకు మేనేజరో అయిన వారిని, మధ్యలో పెట్టుకోండి. మీతో నేరుగా చెప్పలేనిది ఆయనతో చెబుతారు, ఎవరు చెప్పారో చెప్పకుండా ఆయన మీకు చెబుతారు. ఆయన మీ బంధువు కాకపోవడం ముఖ్యం.

మీ తమ్ముడి డబ్బు విషయంలో మాత్రం తొందరపడకండి. ఆయన ఇంకా భారత పౌరుడై, తన సొంత సంపాదన నుంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. అటువంటి డబ్బు తీసుకోవడానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు ఉండాలి, అది ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఇందుకోసం తెరిచిన ఖాతాలోకే రావాలి. పైగా 2020 సవరణ తరువాత ఒక సంస్థ తీసుకున్న విదేశీ విరాళాన్ని మరొక సంస్థకు బదలాయించడం నిషిద్ధం. అంటే మీ ట్రస్టు మీదుగా పంపే ఆలోచనే కుదరదు. ఆయన ఆ నమోదు ఉన్న సంస్థకు నేరుగా పంపుకోవాలి. దాతలు ఇటువంటి విషయంలో "మీరే ఎలాగో సర్దుకోండి" అని డబ్బు వేసేస్తే, నోటీసు వచ్చేది దాతకు కాదు, సంస్థకు.

ఇప్పుడు ఆ సంస్థను ఏం చేయాలన్నది. నివేదికల్లో రాసిన అబద్ధం చిన్న విషయం కాదు, దానిని చూడనట్లు వదిలేయమని నేను చెప్పను. కానీ ముందుగా ఒక సంగతి తేల్చుకోవాలి: ప్లాంటు నడపడానికంటూ మీ దగ్గర డబ్బు తీసుకుని నడపలేదా, లేక నడపడానికి డబ్బే లేక ఆగిందా. మొదటిదైతే మీ వారి మాట సరైనదే; లెక్కలు అడిగి, మిగిలిన సొమ్ము వెనక్కి తీసుకుని, ట్యూషన్ కేంద్రాలను మరో సంస్థకు అప్పగించడానికి కొంత గడువు ఇచ్చి విరమించండి, పిల్లలకు నడి ఏడాదిలో బడి ఆగకూడదు. రెండవదైతే, ఆ సంస్థ బాధ్యుడిని కావలికి పిలిపించకుండా మీరే ఆయన ఆఫీసుకు వెళ్ళండి. మీ వారు కూడా వస్తే మంచిది, అయితే మొదటి అరగంట మీరు మాట్లాడండి. "ప్లాంటు ఆగిందని తెలిసింది. ట్యూషన్ల డబ్బు దీనితో ముడిపెట్టము, ఏప్రిల్ విడత యథాప్రకారం వస్తుంది. ఆ నివేదికలు అలా ఎందుకు రాయవలసి వచ్చిందో చెప్పండి" అని మొదలుపెట్టి, ఆ తరువాత ఆగండి. ఆయన సంజాయిషీ చెప్పుకోవడానికి సమయం పడుతుంది. ఆ మాటల్లో మీ నియమం మీద విమర్శ వస్తే ఖండించకుండా రాసుకోండి. అది విన్న తరువాత, తప్పు నివేదికల స్థానంలో సరైనవి రాసి పంపమని అడగండి. ఆ అబద్ధానికి అంత మాత్రపు ప్రాయశ్చిత్తం ఉండాలి.

ప్లాంటును మళ్ళీ తిప్పడానికి డబ్బు ఇచ్చే ముందు గ్రామస్థులు ఈ ఎనిమిది నెలలుగా ఏ నీళ్ళు తాగుతున్నారో కనుక్కోండి. పంచాయతీ కుళాయిల ద్వారా పైపు నీరు వస్తోందా, ప్రైవేటు ప్లాంటు ఏదైనా వచ్చిందా, లేక మళ్ళీ బోరు నీళ్ళకే వెళ్ళారా అన్నదాన్ని బట్టి మీ నిర్ణయం మారుతుంది. బోరు నీళ్ళే తాగుతుంటే ఆలస్యం చేయవద్దు. మెంబ్రేన్లకు, మోటారుకు కొటేషన్ తెప్పించి, దానికి మూడేళ్ళ కరెంటు, జీతం, ఫిల్టర్ల ఖర్చు, ఏడాదికి రెండుసార్లు నీటి పరీక్ష ఫీజు కలిపి ఒక్క కాగితం మీద రాయించండి. క్యాన్ల మీద వచ్చే వసూలు ఎంతో అందులో తీసివేసి, మిగిలినది మీ ట్రస్టు భరించగలదో లేదో చూసుకోండి. భరించలేకపోతే ఆ మాట ఆ ఊరి పెద్దలకూ, సంస్థకూ ఇప్పుడే చెప్పండి. యంత్రాన్ని పంచాయతీకి అప్పగించడమో, నడపగలిగిన మరో ఊరికి తరలించడమో వాళ్ళు తేల్చుకుంటారు. రెండవ ప్లాంటు మెంబ్రేను ఎప్పుడు మార్చారో కూడా అదే రోజు అడిగి రండి.